నేలమాళిగలో తుపాకి లాకరు: వానాకాలపు తేమను అదుపు చేయడం ఎలా?

పర్లాకిమిడి_పెద్దిల్లు:

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారి పన్నెండు బోరు జోడుగొట్టాల తుపాకి ఆయన పోయిన తరువాత వారసత్వంగా నా లైసెన్సులోకి వచ్చింది. పర్లాకిమిడిలోని మా పాత ఇంట్లో అది మేడమీద గదిలో, టేకు బీరువాలో, ముప్పై ఏళ్లకు పైగా ఏ జబ్బూ లేకుండా ఉంది. రెండేళ్ల క్రితం ఆ ఇల్లు విప్పించి కొత్తది కట్టించుకున్నప్పుడు ఇంటి కింద పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున ఒక సెల్లారు వేయించాము. మా ఇంట్లో పెద్దవాళ్లు దానిని పాత అలవాటు కొద్దీ నేలమాళిగ అనే అంటారు. పిల్లల కంట పడకూడదని, నూట ఇరవై కిలోల బరువున్న ఉక్కు లాకరు ఒకటి కొని, తుపాకిని తోలు సంచితో సహా అందులో పెట్టి, లాకరును ఆ గదిలో ఉత్తరపు గోడకు ఆనించి నిలబెట్టించాను. అగ్నిప్రమాదం నుంచి కాపాడటానికి దాని లోపల జిప్సం పలకలు బిగించి, వాటిమీద మఖమలు గుడ్డ అతికించారు.

లైసెన్సు రెన్యువల్ కోసం తుపాకిని చూపించవలసి వచ్చి, పోయిన వారం దానిని బయటకు తీశాను. ఎడమ గొట్టం కింది భాగంలోనూ, ట్రిగ్గరు చుట్టూ ఉన్న ఇనుప కమ్మీ మీదా ఆవగింజలంత ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఒకచోటనైతే నా బొటనవేలి ముద్ర వంకర గీతలతో సహా తుప్పులో అచ్చుపడి ఉంది. లాకరును కాస్త ఒరిగించి చూస్తే దాని అడుగు రేకు పొరలు పొరలుగా లేచిపోయి, గచ్చు మీద కాఫీ రంగు మరక మిగిలింది.

గదికి పైభాగంలో రెండు చిన్న కిటికీలు, ఒక ఎగ్జాస్టు ఫ్యాను ఉన్నాయి. గాలి ఆడితే తేమ పోతుందన్న నమ్మకంతో ఈ వానాకాలమంతా కిటికీలు తెరిచే ఉంచాను, ఫ్యానును రాత్రింబవళ్లు తిప్పాను. లాకరు అమ్మిన దుకాణదారు గాలిలోని తేమను లాగే యంత్రం, అదే డీహ్యూమిడిఫయర్, కొనమంటున్నాడు, మా మేనమామ గారు లాకరులో రెండు కిలోల ఉప్పు పెట్టమంటున్నారు, ఒక మిత్రుడు చిన్న బల్బు వెలిగించి ఉంచితే చాలునంటున్నాడు. వీటిలో మన ప్రాంతపు గాలికి ఏది పనికివస్తుందో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

బరంపురం_సివిల్:

నమస్కారమండీ. యంత్రం మాట తరువాత చూద్దాం, ముందుగా ఆ ఎగ్జాస్టు ఫ్యానును ఈరోజే ఆపించి, కిటికీలు మూయించండి. మీ తుపాకికి తుప్పు పట్టించిన వాటిలో మొదటిది అదే అయి ఉంటుందని నా అనుమానం. ఫ్యాను లోపలి గాలిని బయటకు తోసినంతసేపూ, ఆ ఖాళీ నింపడానికి బయటి గాలి ఏదో ఒక సందు నుంచి లోపలికి వస్తూనే ఉంటుంది, శ్రావణ భాద్రపదాలలో మన బయటి గాలి కంటే తడి గాలి ఎక్కడ దొరుకుతుంది? బయట 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్నరోజున ఆ గాలి 27 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీరు వదలడం మొదలుపెడుతుంది. భూమిలో ఉన్న గోడ, నేల, వాటిని ఆనుకొని ఉన్న ఉక్కు ఆ వేడిమికి దగ్గరలోనే ఉండటం మామూలే. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బల్లమీద చెమర్చినట్టే, కంటికి కనబడనంత పలుచగా, మీ లాకరూ చెమరుస్తుంది. ఇనుము తుప్పు పట్టడానికి నీటి చుక్క కనబడవలసిన అవసరం కూడా లేదు, గాలిలో తేమ 60 శాతం దాటితే తుప్పు వేగం బాగా పెరుగుతుంది. చెక్క భాగం బీటలు వారకుండానూ, ఇనుము చెడకుండానూ ఉండాలంటే లాకరు లోపల 45 నుంచి 55 శాతం మధ్య నిలపడం మంచిది. కిటికీలు తెరవవలసిన కాలం పుష్య మాఘాలు. అప్పుడు మధ్యాహ్నం పూట గాలి పొడిగా ఉంటుంది కాబట్టి రెండు మూడు గంటలు తెరిచి మూసేయవచ్చు.

ఇక రెండవ సంగతి, అసలు నీరు ఎక్కడి నుంచి వస్తున్నదన్నది. గాలితో వచ్చే తేమకు ఒక వైద్యం, నేల నుంచి, గోడ నుంచి ఊరే చెమ్మకు మరొక వైద్యం. ఒకటిన్నర అడుగుల చదరపు పాలిథిన్ ముక్కలు రెండు తీసుకొని, ఒకటి గది నడుమ నేలమీద, మరొకటి మీకు అనుమానమున్న గోడమీద, నాలుగు అంచులా గాలి చొరకుండా టేపుతో అతికించి, ఒక పూర్తి రోజు వదిలేయండి. పాలిథిన్ లోపలి వైపున నీటి బొట్లు చేరితే చెమ్మ కాంక్రీటులోంచి వస్తున్నట్టు, పైవైపున చేరితే గదిలోని గాలి నుంచి వస్తున్నట్టు లెక్క. ఇల్లు కట్టి రెండేళ్లే అంటున్నారు కాబట్టి నేల శ్లాబు కింద మేస్త్రి పాలిథిన్ పరిచాడో లేదో కూడా అడిగి తెలుసుకోండి. డాబా మీది వాననీరు దిగే గొట్టం ఎక్కడ వదిలారో తప్పకుండా చూడండి. నేను చూసిన చెమ్మ సెల్లార్లలో చాలావాటికి కారణం భూగర్భ జలం కాదు, పునాది పక్కనే కుమ్మరిస్తున్న డాబా నీరు.

ఈ రెండు ఫలితాలూ తెలిసేదాకా డబ్బు ఖర్చు పెట్టకండి, గాలిలో తేమ శాతం చూపే హైగ్రోమీటరు ఒక్కటి మాత్రం కొనండి. అది చెప్పే అంకెను కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఒక సీసా మూతలో మెత్తటి ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేటంతవరకు మాత్రమే నీటి చుక్కలు కలిపి, ఆ మూతను, హైగ్రోమీటరును ఒకే జిప్ కవరులో పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున అది 75 చూపించాలి. 81 చూపిస్తే మీ పరికరం ఆరు ఎక్కువ చెబుతున్నదని మూతమీద రాసి పెట్టుకోండి. దీనికి నౌపడ కల్లుప్పు వాడకండి. శుద్ధి చేయని సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి కాబట్టి లెక్క తప్పుతుంది, వానాకాలంలో వంటింటి కల్లుప్పు జాడీలో నీరు ఊరేది కూడా వాటివల్లనే.

గుణుపురం_మాస్టారు:

సివిల్ గారు చెప్పిన ఉప్పు పరీక్ష బాగుంది కాని, ఉప్పునే మందుగా లాకరులో పెట్టమన్న మేనమామ గారి సలహాను మాత్రం దయచేసి పాటించకండి. ఉప్పు తేమను పీల్చి నీరుకారుతుంది, ఆ నీటి బొట్టు ఒక్కటి ఇనుముపై పడితే వానాకాలమంతా చేయవలసిన పనిని అది వారంలో చేసి చూపిస్తుంది. బజారులో బట్టల బీరువాలకని డబ్బాలలో అమ్మే తేమ పీల్చే తెల్ల గుళికలలో చాలా వరకు ఉండేది కాల్షియం క్లోరైడు, అదీ కరిగి అడుగున ఉప్పునీరుగానే మిగులుతుంది. చీరలకు పరవాలేదు, తుపాకి పక్కన పెట్టదగినది కాదు.

మా ఇంట్లో పూర్వం రాళ్లసున్నం వాడేవారు. మట్టి మూకుడులో కాల్చిన సున్నపురాళ్లు నాలుగు వేసి, పైన పలుచటి గుడ్డ కట్టి, దస్తావేజుల పెట్టెలో ఒక మూల పెట్టేవారు. వానాకాలం గడిచేసరికి రాళ్లన్నీ విరిగి పిండి అయిపోయేవి. తేమను అది నిజంగానే పీల్చుకునేది. అయినా ఇప్పుడు ఎవరికీ దానిని సిఫారసు చేయను. ఆ పిండి కంటిలో పడితే ప్రమాదం, నీళ్లు పడితే సలసల కాగుతుంది, ఒకసారి పిండి అయితే మళ్లీ పనికిరాదు. తేమ పీల్చే గింజలు, అంటే సిలికా జెల్, అంత కంటే ఎన్నో రెట్లు నయం, ఎన్నిసార్లయినా వేయించి వాడుకోవచ్చు.

అన్నిటి కంటే ముందు నాదొక మనవి. మీ తండ్రిగారు ముప్పై ఏళ్లు మేడమీద పెట్టి ఏ ఇబ్బందీ పడలేదని మీరే రాశారు. నేలమాళిగ ఎందుకండీ? నూట ఇరవై కిలోలంటే ఇద్దరు మనుషుల బరువు, మేడమీద లోపలి గదిలో గోడవారగా పెడితే శ్లాబుకు ఏమీ కాదు. మహేంద్రతనయ పొంగిన సంవత్సరం మీ వీధిలోకి నీరు రాదని ఎవరు హామీ ఇస్తారు?

రాయగడ_ఆర్మరర్:

నేను పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల మరమ్మతు చూసేవాడిగా, పనిచేసి రిటైరు అయినవాడిని. గది సంగతి ఇంజనీరు గారికి వదిలి, తుపాకి సంగతి మాత్రం చెబుతాను.

మొదట, మరే పనీ చేసేముందు తుపాకిని నడుమ మడిచి తెరిచి, తూటాలు పట్టే రెండు గదులూ ఖాళీగా ఉన్నాయని కంటితోనూ, వేలితోనూ చూసుకోండి. తరువాత ఆ తోలు సంచిని లాకరు నుంచి శాశ్వతంగా తీసేయండి. తోలు పదును చేయడానికి వాడే లవణాలు, ఆమ్లాలు అందులో మిగిలి ఉంటాయి, పైగా అది తేమను దూదిలా పట్టి ఉంచుతుంది. సంచులు ప్రయాణానికే గాని నిలువకు కాదు. ఫోమ్ పరిచిన పెట్టెలకూ, గోనెగుడ్డకూ ఇదే మాట వర్తిస్తుంది. మీ లాకరులోని మఖమలు కూడా తేమను పీల్చే సరుకే కాబట్టి, గొట్టాలు దానికి ఆనకుండా చూసుకోండి.

తుప్పు చుక్కల మీద గరుకు కాగితం పెట్టి రుద్దవద్దు. నల్లటి పూత పోయి ఇనుము బయటపడుతుంది, ఆ చోటు మరుసటి వానాకాలానికి మరింత తొందరగా తుప్పు పడుతుంది. పలుచటి నూనె వేసి ఒక పూట నాననిచ్చి, నాలుగు సున్నాల రకం, అంటే అన్నిటి కంటే సన్నని ఉక్కుపీచుతో, చేతి బరువు కూడా మోపకుండా తుడవండి. నంబరు, తయారీ ముద్రలు ఉన్న చోటికి అదీ తీసుకుపోకండి. 1959 నాటి ఆయుధ చట్టం 8వ సెక్షను ప్రకారం ఆ ముద్రలను చెరిపివేయడం, మార్చడం నిషేధం. తుప్పు తుడవబోయి నంబరు అరగదీసుకున్నవారికి రెన్యువల్ సమయంలో సంజాయిషీ చెప్పుకోవడం ఎంత కష్టమో నేను చూశాను. గొట్టం లోపల గుంటలు పడ్డాయని అనుమానముంటే మీరు చేతులు పెట్టకుండా లైసెన్సు ఉన్న డీలరుకు చూపించి, అతను సరేననేవరకు పేల్చకండి.

నూనె విషయంలో మనవాళ్లు చేసే తప్పు కొబ్బరినూనె, ఆవనూనె రాయడం. అవి కొంతకాలానికి జిగురై గడ్డకట్టి, ట్రిగ్గరు లోపలి పనిముట్లను పట్టేస్తాయి. తుపాకి నూనె దొరక్కపోతే కుట్టుమిషనుకు వాడే పలుచటి నూనె నయం. అదైనా మెరిసేటంత కాక, గుడ్డకు అంటినంత చాలు. మనిషి చెమటలో ఉప్పు ఉంటుంది, మీ బొటనవేలి ముద్రకు కారణం అదే, కనుక పట్టుకున్న ప్రతిసారీ లోపల పెట్టేముందు తుడవాలి. నిలబెట్టేటప్పుడు మూతి కిందకు ఉంచితే నూనె చెక్కలోకి దిగి దానిని మెత్తబరచదు. గొట్టం మూతిలో గుడ్డ కుక్కి ఉంచే అలవాటుంటే మానుకోండి: లోపలి తేమ బయటకు పోదు, పైగా ఏదో ఒకనాడు ఆ గుడ్డ సంగతి మరిచి పేల్చితే గొట్టం పగులుతుంది. తూటాలను వేరే పెట్టెలో తాళం వేసి, పొడి చోట ఉంచండి. పాత అట్టగొట్టపు తూటాలేమైనా ఉంటే అవి తేమకు ఉబ్బి తుపాకి గదిలో ఇరుక్కుంటాయి, వాటిని వాడకండి.

పర్లాకిమిడి_పెద్దిల్లు:

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినవన్నీ చేశాను, ఫలితాలు రాస్తున్నాను.

హైగ్రోమీటరు ఉప్పు పరీక్షలో 79 చూపింది, అంటే నాలుగు ఎక్కువ. ఆ నాలుగు తీసేసిన తరువాత, ఫ్యాను తిరుగుతున్నప్పుడు గదిలో 88 శాతం, ఫ్యాను ఆపి కిటికీలు మూసిన మూడు రోజులకు 81 శాతం ఉంది. పాలిథిన్ ముక్కలలో గది నడుమ నేలమీద అతికించిన దాని లోపలివైపు పొడిగానే ఉంది. ఉత్తరపు గోడమీద, నేలకు అడుగు ఎత్తున అతికించినది మాత్రం తెల్లవారేసరికే లోపల ముత్యాలు పోసినట్టు బొట్లతో నిండిపోయింది. బయటకు వెళ్లి చూస్తే, సివిల్ గారు అన్నట్టే, డాబా గొట్టం సరిగ్గా ఆ గోడ మూలన పునాది పక్కనే నీరు వదులుతున్నది. రెండేళ్లుగా రోజూ ఆ పక్కనుంచే నడుస్తూ నేనెన్నడూ దానిని పట్టించుకోలేదు.

మాస్టారి మాట సబబే. అయితే మేడమీది గదులన్నీ పిల్లలు తిరిగేవే కాబట్టి, వీలైనంతవరకు ఇక్కడే సరిచేసుకోవాలని నా ఆశ. ఇప్పుడు యంత్రం కొనవచ్చునా? బల్బు మాట ఏమిటి?

బరంపురం_సివిల్:

మొదట బల్బు సంగతి. వేడి పెంచితే గాలిలో నీరు తగ్గదు, ఆ గాలికి నీటిని మోసే శక్తి పెరిగి శాతం తగ్గుతుంది, అంతే. విదేశాలలో లాకరు అడుగున వేడి కడ్డీలు పెట్టుకునేది ఈ సూత్రం మీదనే, అక్కడి చల్లటి నేలమాళిగలలో అవి చక్కగా పనిచేస్తాయి. మన దగ్గర 28 డిగ్రీల గాలి 85 శాతం తేమతో ఉన్నప్పుడు దానిని 31 డిగ్రీలకు వేడెక్కించినా సుమారు 72 శాతం వద్దనే ఆగుతారు. గదిని ముందు ఆరబెట్టుకున్నవారికి కడ్డీ సాయపడుతుందే గాని, ఒంటరిగా సరిపోదు. గుడ్డ అతికించిన లాకరులో వేడి బల్బు వేలాడదీయడం అసలే తగదు.

ఇక వరుస చెబుతాను. గొట్టం నీటిని గోడ నుంచి కనీసం ఆరేడు అడుగుల దూరానికి తీసుకుపోయి, నేల వాలు బయటికి ఉండేటట్టు చేయించండి. ఈ పనికి యంత్రం ఖరీదులో పదోవంతు కూడా కాదు. లాకరును ఉత్తరపు గోడ నుంచి లోపలి గోడ పక్కకు మార్చి, గోడకు నాలుగంగుళాలు, నేలకు మూడంగుళాలు ఎడం ఉండేటట్టు గట్టి రబ్బరు దిమ్మల మీద నిలపండి. దొంగల భయానికి నేలకు బోల్టు బిగించే పనైతే, రంధ్రం శ్లాబు అడుగుదాకా పోకుండా చూసి, ఎపాక్సీతో నింపించండి.

తరువాత యంత్రం. మీ గదిలో ఉన్న గాలి మొత్తంలో, 28 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్నప్పుడు, ఆవిరిగా ఉన్న నీరు లీటరుకు లోపే. యంత్రం వారాల తరబడి రోజుకు ఐదారు లీటర్లు తీస్తున్నదంటే అది గాలిలోది కాదు, గోడో, సందో ఎక్కడినుంచో అందిస్తున్నదని అర్థం. కాబట్టి మొదటి నెల రోజూ ఎంత నీరు వచ్చిందో రాసి పెట్టండి, గోడ ఆరుతున్నదీ లేనిదీ ఆ అంకెలే చెబుతాయి. పెట్టెమీద రాసే లీటర్లు చాలావరకు 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర కొలిచినవి. గది ఆరేకొద్దీ యంత్రం తీసే నీరు అంతకంటే బాగా తగ్గుతుంది కాబట్టి కాస్త పెద్దదే తీసుకోండి. తొట్టి నిండగానే ఆగిపోయే యంత్రాన్ని నమ్ముకోకుండా, గొట్టంతో నీరు బయటకు పోయే ఏర్పాటు చేయించండి.

లాకరు లోపల అరకిలో సిలికా జెల్ పెట్టండి. యాభై శాతం తేమ దగ్గర అది తన బరువులో దాదాపు ఐదోవంతు నీటిని పట్టుకోగలదు. లాకరులోని గాలికి అది చాలా ఎక్కువే గాని, జిప్సం పలకలు, మఖమలు, తుపాకి చెక్క రెండేళ్లుగా పీల్చుకున్నదంతా మొదటి కొన్ని వారాలలో బయటకు వస్తుంది కాబట్టి అప్పుడు తరచుగా మార్చవలసి ఉంటుంది. నీలం నుంచి గులాబీకి మారే రకంలో రంగు కోసం కోబాల్టు క్లోరైడు కలుపుతారు, అది విషం. నారింజ నుంచి ఆకుపచ్చకు మారేది తీసుకోండి. 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఓవెనులో పెడితే మళ్లీ మొదటి రంగుకు వస్తుంది, వంటకు వాడే పళ్లెంలో మాత్రం పెట్టకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటిన తరువాత గజపతి జిల్లాలో కరెంటు లేని రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అటువంటప్పుడు యంత్రం మూలన కూర్చుంటుంది, లాకరు తలుపు తెరవకుండా ఉంచితే ఈ గింజలే కాపాడతాయి.

గుణుపురం_మాస్టారు:

ఇంజనీరు గారి వరుస నాకు నచ్చింది. అయినా ఒక గడువు పెట్టుకోండి బాబూ. కార్తీక పౌర్ణమి నాటికి లాకరులో అంకె అరవై దిగకపోతే, పట్టుదలకు పోకుండా మేడమీదకు చేర్చండి. తాళం గట్టిదైనప్పుడు పిల్లలు తిరిగే గదిలో ఉన్నా నష్టం లేదు, తాళంచెవి ఎక్కడ పెడుతున్నారన్నదే చూసుకోవాలి.

పర్లాకిమిడి_పెద్దిల్లు:

మాస్టారూ, మీరు పెట్టిన గడువుకు ముందే వచ్చాను. డాబా గొట్టాన్ని మలుపు తిప్పి వీధి కాలువలో కలిపించాము. యంత్రం మొదటి రోజు ఏడు లీటర్లు తీసింది, పదోరోజుకు నాలుగు, ఇరవై ఐదో రోజుకు ఒకటిన్నర. మధ్యలో రెండు రోజులు జోరువాన కురిసినా అంకె పైకి పోలేదు కాబట్టి, గోడ ఆరుతున్నట్టే భావిస్తున్నాను. గోడ అడుగున తెల్లటి ఉప్పు పూసింది, దానిని పొడి బ్రష్‌తో దులిపించాను. గదిలో ఇప్పుడు 58, లాకరులో 51. సిలికా జెల్‌ను మొదటి నెలలో నాలుగుసార్లు వేయించవలసి వచ్చింది, ఇప్పుడు పన్నెండు రోజులైనా ఇంకా నారింజ రంగే ఉంది.

లాకరు అడుగు రేకును గీకించి, తుప్పు నిరోధక రంగు రెండు పూతలు వేయించి, దిమ్మల మీదకు ఎక్కించాము. డీలరు గొట్టాలలోకి దీపం వేసి చూసి, లోపల గుంటలు లేవని, పైచుక్కలు పైపైనేనని చెప్పాడు. బొటనవేలి ముద్ర మాత్రం సన్నని ఉక్కుపీచుకు కూడా పూర్తిగా పోలేదు, వెలుతురులో వంచి చూస్తే లేత బూడిదరంగు గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. రెన్యువల్‌లో దానిని ఎవరూ అడగలేదు. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత లైసెన్సు ఐదేళ్లకు ఇస్తున్నారు కాబట్టి మళ్లీ చూపించడానికి వ్యవధి ఉంది, నేను మాత్రం ప్రతి నెలా మొదటి ఆదివారం లాకరు తెరిచి, తుడిచి, అంకె రాసుకుంటున్నాను. తోలు సంచి మేడమీద టేకు బీరువాలోకి తిరిగి వెళ్లింది.